పాత యానిమే సీరీస్‌లు బయటి దేశాల్లో ఎందుకు మాయమవుతాయి, మళ్ళీ ఎలా తిరిగొస్తాయి

హైదరాబాద్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. 80లు, 90ల యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరీస్‌లు చూద్దామంటే స్ట్రీమింగ్‌లో ఉండవు, ఉన్నా సగమే ఉంటాయి, అమెరికన్ బ్లూరే కొందామంటే 60, 100 డాలర్లు, తీరా కొంటే ఒక్కోసారి బొమ్మ పాత డీవీడీ కంటే ఘోరంగా ఉంటుంది, అసలు ఈ డిస్ట్రిబ్యూటర్లకి పాతవాటి మీద శ్రద్ధ ఉందా, ఏది తేవాలో ఎలా తేల్చుకుంటారు, తెలుగులో ఎప్పటికైనా వస్తాయా అని.

నేను తెనాలి నుంచి వచ్చి డాలస్ దగ్గర పన్నెండేళ్ళు డిస్కులు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం క్వాలిటీ చెక్, అంటే జపాన్ నుంచి వచ్చిన మాస్టర్‌ని, అంటే డిస్కులకి మూలమైన కాపీని, మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా కూర్చుని చూడటం. కాబట్టి చూసినంతలో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి, అమెరికాలోగానీ ఫ్రాన్స్‌లోగానీ ఏ డిస్ట్రిబ్యూటరూ ఆ సీరీస్‌కి ఓనర్ కాడు. కౌలుదారుడు. పొలం జపాన్ వాళ్ళది, వీళ్ళు ఐదేళ్ళకో ఏడేళ్ళకో కౌలుకి తీసుకుంటారు. మన నైజాం, సీడెడ్ డిస్ట్రిబ్యూటర్లు సినిమా కొనేటప్పుడు ఎంజీ అంటారు చూశారా, మినిమమ్ గ్యారంటీ, అచ్చం అదే మాట ఇక్కడా వాడతారు, ముందు ఇంత డబ్బు కట్టాలి, ఆ డబ్బు అమ్మకాల్లో తిరిగొచ్చాక ఆపైన రాయల్టీ. గడువు అయిపోతే మిగిలిన స్టాకు అమ్ముకోవడానికి కొన్ని నెలలు ఇస్తారు, ఆ తర్వాత ఒక్క డిస్కు కూడా ప్రింట్ చెయ్యకూడదు. మళ్ళీ కౌలు రాయించుకోవాలంటే మళ్ళీ ఎంజీ కట్టాలి, అప్పటికే కొనేవాళ్ళంతా కొనేసి ఉంటారు, రెండోసారి ఎంజీ దేనికి కట్టాలి? అక్కడ ఆగిపోతుంది.

ఉరుసెయ్ యాత్సురా సంగతే తీసుకోండి. 1981 నుంచి 1986 దాకా నడిచింది, 195 ఎపిసోడ్లు. అమెరికాలో యానిమెయిగో అనే చిన్న కంపెనీ దాన్ని మొదట వీహెచ్ఎస్ మీద, తర్వాత డీవీడీల మీద ఏకంగా 50 వాల్యూములుగా ఎంతో ఓపిగ్గా తెచ్చింది, 2011లో ఆ కౌలు అయిపోయింది, అంతే, పదేళ్ళకి పైగా అక్కడ దొరకలేదు. సైలర్ మూన్ అంత పెద్ద పేరున్న సీరీస్ కూడా 2004 ప్రాంతంలో ఆగిపోయి 2014లో విజ్ అనే అమెరికన్ కంపెనీ తీసుకునేదాకా పదేళ్ళు లేనట్టే. ప్రేమ లేక ఆగలేదండి, కాగితం గడువు తీరిపోయి ఆగింది.

ఇక సంతకం ఎవరు పెట్టాలి అన్నది దీనికన్నా పెద్ద చిక్కు. ఇప్పటి సీరీస్‌లకి ప్రొడక్షన్ కమిటీ, అంటే డబ్బు పెట్టిన కంపెనీలన్నీ కలిసిన బృందం ఉంటుంది, బయటి దేశాల హక్కులు ఎవరు చూడాలో మొదటి రోజే రాసుకుంటారు. 70లు, 80లలో అలా రాసుకోలేదు, టీవీ స్టేషను, యాడ్ ఏజెన్సీ, ఆటబొమ్మల కంపెనీ, స్టూడియో, మూలకథ మాంగా (జపాన్ కామిక్) రాసినాయన, పాటల కంపెనీ, ఇలా ఆరుగురు ఉంటే నలభై ఏళ్ళ తర్వాత అందులో ఇద్దరు కంపెనీ మూసేసి ఉంటారు, ఒకరు చనిపోయి వారసులు ఉంటారు. ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే అందరి వేలిముద్రలూ కావాలి కదా, అదే పరిస్థితి.

దీనికి మాక్రోస్‌ని మించిన ఉదాహరణ లేదు. 1982లో మొదలైన ఈ సీరీస్ 36 ఎపిసోడ్లు. హార్మొనీ గోల్డ్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని తీసుకుంది గానీ అప్పట్లో అమెరికా లోకల్ స్టేషన్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెయ్యాలంటే 65 ఎపిసోడ్లు ఉండాలని లెక్క, 13 వారాలు ఇంటూ ఐదు రోజులు. 36 ఎక్కడ, 65 ఎక్కడ. వాళ్ళ తరఫున దీన్ని చూసుకున్న కార్ల్ మాసెక్ ఏం చేశాడంటే దీనితో ఏ సంబంధం లేని ఇంకో రెండు సీరీస్‌లు, సదరన్ క్రాస్, మోస్పియాడా, వాటిని కూడా తెచ్చి మూడింటినీ మూడు తరాల కథగా కుట్టేసి 85 ఎపిసోడ్ల రోబోటెక్ చేశాడు, 1985లో వేశారు. చాలామంది జపాన్ అభిమానులు తిడతారు, నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఉంది, ఎందుకంటే ఆ కుట్టుపని లేకపోతే ఆ 36 అసలు అమెరికన్ టీవీ మీదకి ఎక్కేవి కావు, ఆ తరం పిల్లలే తర్వాత యానిమే కంపెనీలు పెట్టారు.

కానీ హక్కుల్లో ముడి అక్కడే పడింది. 36 ఎపిసోడ్ల ఫిల్మ్ మీద హక్కు తత్సునోకో స్టూడియోదని, పాత్రల, విమానాల డిజైన్లు బిగ్ వెస్ట్, స్టూడియో నుయే అనే కంపెనీలవని జపాన్ కోర్టులు తేల్చాయి. బయటి దేశాల హక్కులు తత్సునోకో ద్వారా హార్మొనీ గోల్డ్ దగ్గర. దాంతో తర్వాత వచ్చిన మాక్రోస్ సీరీస్‌ల్లో చాలా భాగం ఏళ్ళ తరబడి జపాన్ దాటి రాలేదు, బయట కొందామనుకున్న కంపెనీలు లాయర్ దగ్గరికెళ్ళి వెనక్కి వచ్చేవి. 2021 ఏప్రిల్‌లో బిగ్ వెస్ట్, హార్మొనీ గోల్డ్ మధ్య ఒప్పందం కుదిరాకే దారి తెరుచుకుంది. దాదాపు ఇరవై ఏళ్ళు. ఆ రోజు వార్త చదివి నాతో పనిచేసిన ఒక పెద్దాయన డెస్కు మీద తల పెట్టుకుని కాసేపు లేవలేదు, తన రిటైర్మెంట్ లోపల ఇది చూస్తాననుకోలేదట.

పాటలది ఇంకో గొడవ. బొమ్మకి ఒక హక్కు, పాటకి వేరే హక్కు. ఎవాంజెలియన్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు ప్రతి ఎపిసోడ్ చివర వచ్చే ఆ పాత అమెరికన్ పాట బయటి దేశాల వెర్షన్లో లేదు, దాని స్థానంలో పియానో ముక్క పెట్టారు. కొడోచా అమెరికన్ డీవీడీల్లో మొదటి ఓపెనింగ్ పాటే లేదు, దాన్ని పాడిన బాయ్ బ్యాండ్ ఏజెన్సీ ఒప్పుకోక రెండో ఓపెనింగ్‌ని మొదటి నుంచీ వాడారు. చూసేవాళ్ళు డిస్ట్రిబ్యూటర్ పిసినారి అనుకుంటారు గానీ చాలాసార్లు డబ్బు ఇస్తామన్నా అవతలివాళ్ళు ఊఁ అనరు.

ఇప్పుడు బొమ్మ క్వాలిటీ గురించి, ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

పాత సీరీస్‌ని సెల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద రంగులేసి ఫిల్మ్ కెమెరాతో తీసేవాళ్ళు, టీవీకైతే ఎక్కువగా 16 ఎంఎం, సినిమాకి 35. ఆ నెగటివ్ బాగుంటే ఈ రోజు స్కాన్ చేసినా అద్భుతంగా వస్తుంది, 1980 నాటి సీరీస్ 2005 నాటి సీరీస్ కన్నా మిన్నగా కనిపించడానికి కారణం అదే, ఎందుకంటే 2000ల మొదట్లో కంప్యూటర్‌లో రంగులేసినవి చాలావరకు 480 లైన్ల సైజులోనే పుట్టాయి, అంతకన్నా వివరం లోకంలో ఎక్కడా లేదు, సాగదీయడమే. కానీ నెగటివ్ ఉందా లేదా అన్నది అమెరికన్ డిస్ట్రిబ్యూటర్ చేతిలో లేదు. మన పాత తెలుగు సినిమాల నెగటివ్‌లు ఎన్ని పోయాయో మీకు తెలుసు, అక్కడా అంతే. నెగటివ్ పోతే 90లలో డీవీడీ కోసం చేసిన టేపు మాస్టర్ ఇస్తారు. సెకనుకి 24 ఫ్రేములున్న ఫిల్మ్‌ని టీవీ లెక్కకి సాగదీసి ఇంటర్‌లేస్ చేసిన, అంటే ఒక్కో ఫ్రేముని సరి, బేసి గీతలుగా విడగొట్టిన టేపు అది, దాన్ని సరిగ్గా విప్పకపోతే కదిలే చోటల్లా దువ్వెన పళ్ళలాంటి గీతలు, గీతల అంచుల్లో చీమలు పాకినట్టు చుక్కలు, నల్లగీతల చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు.

ఒకటి చెప్తాను. 2014లో మాకొక 80ల సీరీస్ వచ్చింది, పేరు వద్దు. అదృష్టంకొద్దీ ఫిల్మ్ స్కాన్. మూడో ఎపిసోడ్లో హీరోయిన్ మొహం క్లోజప్, చెంప మీద ఏదో మరక కనపడింది, ఆపి పెద్దది చేసి చూస్తే వేలిముద్ర. 30 ఏళ్ళ కింద టోక్యోలో ఎవరో రంగులేసే అమ్మాయో అబ్బాయో ఆ సెల్ పట్టుకున్నప్పుడు అంటుకున్నది, నాలుగు ఫ్రేములు ఉండి పోయింది. ఆ స్కాన్‌ని 'శుభ్రంగా' ఇమ్మని ఆర్డర్ వచ్చింది, అంటే నాయిస్ రిడక్షన్ పెట్టడం. పెడితే ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నటి నూకలాంటి చుక్కలు) పోయింది, వేలిముద్ర పోయింది, దాంతోపాటు కనురెప్ప కింద సన్నగా పెన్సిల్ అంత గీత ఒకటి ఉండేది, అది కూడా పోయింది. ఆ గీత లేకపోతే ఆ పిల్ల మొహంలో ఏడుపు ఆపుకుంటున్న భావమే లేదు, ఊరికే చూస్తున్నట్టు ఉంది. రెండు ఫ్రేములూ ప్రింట్ తీసి మీటింగ్‌లో బల్ల మీద పెట్టాను. ఆ ఎపిసోడ్‌కి తగ్గించారు, మిగతావి అప్పటికే ఎన్‌కోడ్ (డిస్కుకి సరిపడా కుదించడం) అయిపోయాయి, డేట్ దగ్గర పడింది, అలాగే బయటకి వెళ్ళాయి. ఆ సెట్ ఇప్పటికీ నా షెల్ఫులో ఉంది, మూడో ఎపిసోడ్ తప్ప చూడలేను.

కాబట్టి మీరు 'పాత డీవీడీ కంటే ఘోరం' అన్నది తప్పు కాదు. డ్రాగన్ బాల్ జీ సంగతి అందరికీ తెలిసిందే, 2007లో ఆరెంజ్ బాక్సుల్లో వచ్చినప్పుడు అప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్న వెడల్పు టీవీలకి సరిపోవాలని పైనా కిందా కోసి 16:9 చేశారు, తలలు తెగాయి. తర్వాత అసలు 4:3 సైజులో మంచి సెట్లు వచ్చాయి, 2011లో ఫ్రేము ఫ్రేము బాగుచేస్తూ బ్లూరే మొదలుపెట్టారు, రెండు వాల్యూముల తర్వాత ఖర్చు భరించలేక ఆపేసి, 2013లో మళ్ళీ కోసిన వెర్షన్ వేశారు. కోసినవే ఎక్కువ అమ్ముడుపోయాయంటే బాధగానే ఉంటుంది, కానీ సూపర్ మార్కెట్లో పిల్లాడికి కొనిపెట్టే తండ్రికి స్క్రీన్ నిండాలి, పక్కన నల్ల పట్టీలు ఉంటే డిస్క్ పాడైందని వాపసు ఇచ్చేస్తాడు, ఆ వాపసులు కూడా లెక్కలోకి వస్తాయి.

మంచి కథ కూడా ఉంది. ప్రాజెక్ట్ ఏ-కో అని 1986 సినిమా, సీరీస్ కాదు, అయినా చెప్పాలి. దాని ఒరిజినల్ ఫిల్మ్ పోయిందనే అందరూ అనుకున్నారు. ఫ్లోరిడాలో డిస్కోటెక్ మీడియా అని 2005లో మొదలై పాతవే పనిగా పెట్టుకున్న చిన్న కంపెనీ, లేజర్‌డిస్కుల నుంచి సిగ్నల్ తీసి బాగుచేసే పనికి దిగింది. ఆ పని జరుగుతుండగా జపాన్‌లో ఫిల్మ్ దొరికింది! అంతా పక్కన పెట్టి ఫిల్మ్ స్కాన్‌తో బ్లూరే తెచ్చారు. ఎవరో ఒకరు ఉత్తరం మీద ఉత్తరం రాస్తూ అడుగుతూ ఉండకపోతే ల్యాబ్ గోడౌన్లలో ఎవరూ వెతకరండి. పాత సీరీస్ తేవడంలో సగం పని ఈ అడగటమే.

ధర ఎందుకంత అంటారా. 2022 నుంచి మన దగ్గర హీరో పుట్టినరోజుకి పాత సినిమా 4కేలో వేస్తున్నారు కదా, థియేటర్‌కి ఎవరొస్తున్నారు? ఆ సినిమా పదిసార్లు చూసినవాళ్ళే. పాత యానిమే బిజినెస్ అచ్చం అదే. కొత్తవాళ్ళని లాగడం కోసం చేసేది కాదు, అప్పటికే గుండెల్లో పెట్టుకున్న మూడు వేల మందో ఐదు వేల మందో ఉంటారని లెక్కేసి, వాళ్ళు ఎంత పెట్టగలరో చూసి, అంతమందికే ప్రింట్ చేస్తారు. స్కానింగ్, సబ్‌టైటిల్, ఆథరింగ్ (మెనూలతో సహా డిస్కుని కూర్చడం), ఎంజీ ఖర్చు అటు లక్ష మంది కొన్నా ఇటు మూడు వేల మంది కొన్నా దాదాపు ఒకటే, పంచుకునే తలలు తక్కువ. అందుకే లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్, 110 ఎపిసోడ్లు, 2018లో సెంటాయ్ అనే అమెరికన్ కంపెనీ దాదాపు 800 డాలర్ల పెట్టెగా పెట్టింది. అందరూ గోల చేశారు గానీ ఆ పెట్టె లేకపోతే అది ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌తో డిస్క్ మీద వచ్చేదే కాదని నా నమ్మకం.

ఇంత జాగ్రత్త ఎందుకొచ్చిందంటే 2006 నుంచి 2012 దాకా చూసినవాళ్ళకి ఆ భయం పోదు. అమెరికాలో మ్యూజిక్‌ల్యాండ్ షాపుల గొలుసు దివాళా తీసింది, అమ్ముడుపోని డీవీడీలు లారీల్లో వెనక్కి వచ్చాయి, డిస్ట్రిబ్యూటర్లలో 2007లో జెనియన్ అమెరికా ఆగింది, 2009లో ఏడీవీ, సెంట్రల్ పార్క్ మీడియా రెండూ పోయాయి, 2012లో బందాయ్ అమెరికా శాఖ కొత్తవి తేవడం మానేసింది. వాళ్ళ చేతిలో ఉన్న పాత సీరీస్‌లన్నీ ఒక్కసారిగా దిక్కులేనివి అయ్యాయి. ఆ శిథిలాల్లోంచి ఏరుకుని తెచ్చినవే ఇప్పుడు మనం రీ-లైసెన్స్ అంటున్నవి.

అప్పటినుంచి పద్ధతి మారింది. నెగటివ్ లేని సీరీస్‌ని బలవంతంగా హెచ్‌డీ చెయ్యకుండా ఎస్‌డీలోనే, అంటే పాత డీవీడీ స్థాయి బొమ్మగానే, బ్లూరే మీద పెట్టడం డిస్కోటెక్ అలవాటు చేసింది, డీవీడీలో ఐదారు ఎపిసోడ్లు పట్టేచోట ఒక్క బ్లూరేలో పాతికపైనే పట్టేస్తాయి, పది డిస్కుల ఖర్చు రెండు డిస్కుల్లో అయిపోతుంది, పైగా డీవీడీ అంత కుదించాల్సిన పని లేదు. ఇది చాలా తెలివైన పని, నిజాయితీ అయిన పని కూడా. యానిమెయిగో 2013లో బబుల్‌గమ్ క్రైసిస్ బ్లూరేకి కిక్‌స్టార్టర్ సైట్‌లో అభిమానుల చందా పెట్టి ముందే డబ్బు పోగుచేసుకుంది. కొత్త రీమేక్ వస్తోందంటే పాతదానికి ప్రాణం వస్తుంది, ఉరుసెయ్ యాత్సురా రీమేక్ 2022 అక్టోబర్లో మొదలైతే అదే ఏడాది పాత టీవీ సీరీస్ బ్లూరేలో తెస్తున్నామని డిస్కోటెక్ చెప్పింది. రీమేక్ ట్రైలర్ చూసి పాతది వెతికేవాళ్ళు ఆ ఆర్నెల్లే వెతుకుతారు, ఆ కిటికీ మూసుకునేలోపు డిస్క్ షాపులో ఉండాలి.

స్ట్రీమింగ్ దగ్గర లెక్క వేరు. మూడు నెలలకోసారి కొత్త సీజన్ వస్తుంటే నెలనెలా చందా కట్టేవాడు దానికోసం కడతాడు, 1983 సీరీస్ కోసం కట్టేవాళ్ళు తక్కువ, అందుకే గడువు తీరితే చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. 2020లో రెట్రోక్రష్ అని పాతవాటికే ఒక ఉచిత సర్వీస్ వచ్చింది, యాడ్స్ మీద నడిచేది, పాత సీరీస్‌కి ఇదే సరైన ఇల్లు అని నాకనిపిస్తుంది. డిజిటల్‌గా 'కొన్నాం' అన్న మాటని మాత్రం నమ్మకండి. 2024 ఏప్రిల్‌లో ఫ్యూనిమేషన్ అనే యానిమే స్ట్రీమింగ్ యాప్ మూసేసినప్పుడు డిస్కులతో వచ్చిన కోడ్లు కొట్టి జనం పోగేసుకున్న డిజిటల్ కాపీలు కూడా పోయాయి, దాని స్థానంలో మిగిలిన క్రంచీరోల్ స్ట్రీమింగ్‌కి మారలేదు.

ఇంకో సంగతి, ఒక దేశంలో చెల్లని సీరీస్ ఇంకో దేశంలో బంగారం. గ్రెండైజర్ అనే రోబో సీరీస్ అంటే అమెరికాలో పెద్దగా ఎవరూ తిరిగి చూడరు, ఫ్రాన్స్‌లో అదే గోల్డోరాక్, 1978లో వేస్తే ఒక తరం మొత్తం దాని మీద పెరిగింది, ఇటలీలోనూ, అరబ్ దేశాల్లోనూ అంతే. ఫిలిప్పీన్స్‌లో వోల్టెస్ ఫైవ్ అనే ఇంకో రోబో సీరీస్ చివరి ఎపిసోడ్లు రాకముందే 1979లో అక్కడి అధ్యక్షుడు మార్కోస్ నిషేధించాడు, ఆ తెగిపోయిన కథ మీద ప్రేమ ఎంత ఉందంటే 2023లో వాళ్ళే మనుషులతో టీవీ సీరీస్‌గా తీసుకున్నారు. అందుకే ఏ కంపెనీ అయినా ముందు అడిగేది సీరీస్ గొప్పదా అని కాదు, మా ఊళ్ళో పిల్లలు ఏ ఏడాది దీన్ని టీవీలో చూశారు అని.

తెలుగు దగ్గరికి వద్దాం. కొత్తవి క్రంచీరోల్ తెలుగులో డబ్ చేస్తోంది, పాతవాటిలో యూగో సాకో అనే జపాన్ ఆయన మన భారతీయులతో కలిసి తీసిన రామాయణం సినిమా 2025 జనవరి 24న 4కేలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకి వచ్చింది, 1992 నాటిది. సీరీస్‌లకి అడ్డంకి ఏంటంటే డబ్బింగ్ చెప్పాలంటే మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి, పాత టీవీ సీరీస్‌లకి చాలాసార్లు అది మిగలలేదు, మాటలూ సంగీతం కలిపేసిన ఒక్క మోనో ట్రాక్ ఉంటుంది. అప్పుడు అడుగుల చప్పుడు దగ్గర్నుంచి మళ్ళీ చెయ్యాలి, వంద ఎపిసోడ్లకి అది అయ్యే పని కాదు.

మీరు హైదరాబాద్‌లో కాబట్టి కొనేముందు ఒకటి చూసుకోండి, బ్లూరేలకి ప్రాంతాల వారీగా రీజియన్ లాక్ ఉంటుంది, అమెరికా, జపాన్ రెండూ 'A' రీజియన్, ఇండియా 'C'. అమెరికన్ డిస్కు రీజియన్ ఫ్రీ కాకపోతే ఇక్కడి ప్లేయర్లో ఆడదు. అమెరికా, జపాన్ ఒకే రీజియన్ కావడం వల్లే ఇంకో చిక్కు, జపాన్‌లో రెండు ఎపిసోడ్ల డిస్కు ఆరేడు వేల యెన్లు ఉంటే అక్కడివాళ్ళు అమెరికా నుంచి చవగ్గా తెప్పించుకుంటారని భయపడి కొన్నిటికి సబ్‌టైటిల్ ఆపడానికి వీల్లేకుండా లాక్ చేయిస్తారు, అది చూసి డిస్కు చెడిపోయిందనుకోకండి. నచ్చిన పాత సీరీస్ ప్రింట్‌లో ఉన్నప్పుడే తీసుకోండి, ఆఫర్ కోసం రెండేళ్ళు ఆగితే కౌలు అయిపోయి రెండింతల ధరకి సెకండ్ హ్యాండ్ మిగులుతుంది.

చివరగా నాదొక విన్నపం. మేము ఒక సీరీస్ పాత ఇంగ్లీష్ డబ్బింగ్ డిస్కులో పెడదామంటే రెండు ఎపిసోడ్ల ఆడియో ఎవరి దగ్గరా లేదు, చిన్నప్పుడు టీవీ నుంచి వీసీఆర్‌లో రికార్డ్ చేసుకున్న ఒకావిడ టేపు పంపితే దాంతోనే పూర్తిచేశాం, మధ్యలో వాళ్ళమ్మ భోజనానికి రమ్మని పిలిచి టేపు ఆపిన చోట 11 సెకన్లు లేవు, అవి లేకుండానే వెళ్ళింది. మన దగ్గర 2000లలో తెలుగులో వచ్చిన కార్టూన్లని ఎవరైనా టీవీ ట్యూనర్ కార్డుతోనో వీసీఆర్‌తోనో రికార్డ్ చేసుకుని ఉంటే, ఆ టేపులు, ఆ పాత హార్డ్ డిస్కులు అటక మీద ఉంటే పారెయ్యకండి. టేపుకి బూజు ఉంటే ప్లేయర్లో పెట్టకండి, హెడ్ పాడవుతుంది, టేపూ పోతుంది. పొడి బట్టలో చుట్టి, నిలబెట్టి, చల్లటి చోట ఉంచి నాకు చెప్పండి, ఎలా కాపీ తియ్యాలో దగ్గరుండి చెప్తాను.